ఆమె లేచి వెళ్ళాక అడిగిన ప్రశ్న

ఎడిటర్ గారికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ పత్రికలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చెప్పేవారు. అది పూర్తిగా నిజం కాదు. ముక్కు మీద ఉంటే కనబడుతుంది, కనబడితే మనిషి కాస్త పక్కకి తప్పుకోవచ్చు. ఆయన కోపం అలాంటిది కాదు. బాగా మాట్లాడుతూ, జోకులేస్తూ, కాగితాలు తిరగేస్తూ ఉన్నవాడు ఒక్క వాక్యం దగ్గర ఆగి కళ్ళజోడు తీశాడంటే చాలు, సబ్ ఎడిటర్ల బల్లల దగ్గర కుర్చీలు వెనక్కి జరిగేవి. చాటున ఆయన్ని అందరూ 'చిటపటలు' అనేవారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి, లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా.

ప్రూఫులు దిద్దే బల్ల దగ్గర, గోడవైపు మొహం పెట్టుకుని కూర్చునే ఉద్యోగంతో మొదలైన మనిషి. అక్కడినుంచి రిపోర్టరై, కోర్టు మెట్లూ పోలీసు స్టేషన్ బెంచీలూ అరగదీసి, డెస్కు మీదికొచ్చి, చివరికి ఎడిటర్ గదిలోకి చేరేసరికి జుట్టు సగం ఊడింది, మిగిలిన సగం తెల్లబడింది. ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. యజమానికి చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఆయన మొదటి పేజీలో సంతకం పెట్టి రాసిన రోజున పెద్ద పెద్ద ఆఫీసర్లు గది తలుపేసుకుని పేపరు చదివేవారు. అబద్ధమాడేవాడిని చూస్తే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ మంట నిజమైనదే. ముందుముందు ఈ కథలో ఏం జరిగినా, ఆ ఒక్క మాటా మరిచిపోకుండా వినాలి.

ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. ఎవరి మీద రాస్తున్నామో ఆ మనిషిని అడక్కుండా రాయకూడదు. దొంగ మీద రాసినా సరే, దొంగని అడగాలి. ఒకసారి ఒక రిపోర్టరు ఎవరో కాంట్రాక్టరు మీద వార్త రాసి, చివర 'వివరణ కోసం ప్రయత్నించగా ఆయన అందుబాటులోకి రాలేదు' అని తగిలించాడు. ఎడిటర్ కళ్ళజోడు తీశాడు. తన ఫోన్లోనే ఆ కాంట్రాక్టరు నంబరు నొక్కి, అవతల గొంతు వినబడగానే ఫోను రిపోర్టరు చేతిలో పెట్టాడు. "అందుబాటులోకి వచ్చాడు. మాట్లాడు," అన్నాడు. ఆ రిపోర్టరు అందరి ముందూ చెమటలు కక్కుతూ నిలబడి మాట్లాడాడు. ఆ తర్వాత ఆ వాక్యం ఆ పత్రికలో రాయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఇలా ఉండగా యజమాని ఒక టీవీ చానల్ పెట్టాడు. పెట్టి, చుట్టూ చూసి, కోపం ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కున్నాడు. ఇంట్లోనే ఉంది. "మీరు ఆఫీసులో అరిచేదే అక్కడ అరవండి. ఇంకేం చెయ్యక్కర్లేదు," అన్నాడు. అలా వారానికోసారి 'నిలదీత' మొదలైంది. ఎడిటర్ గారు ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టుకుని కడిగిపారేస్తాడు. ఏ కోపాన్ని చూసి మంచి మంచి సబ్ ఎడిటర్లు ఉద్యోగాలు మానేసి వెళ్ళిపోయారో, అదే కోపాన్ని చూడ్డానికి ఊరు ఊరంతా రాత్రి భోజనాలు ముందుగా కానిచ్చుకుని టీవీల ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. రోడ్డు మీద మనుషులు ఆపి ఫొటోలు దిగేవారు. "సార్, ఒక్కసారి కోప్పడండి సార్," అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

"ఇంట్లో అరిస్తే నా చేత తిట్లు తింటారు. అక్కడ అరిస్తే మొహానికి పౌడరు రాస్తారు. మీకు ఏది బాగుంటే అది చేసుకోండి," అనేది ఆయన భార్య. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. భర్త కార్యక్రమం ఒక్క వారం కూడా వదిలేది కాదు. ఆయనే ఏనాడూ చూసేవాడు కాదు. తన మొహం తను చూసుకోవడం తనకి చేతకాదనేవాడు. చూసి ఉంటే బాగుండేది.

ఆ ఏడాది ఎండలు ముదిరే రోజుల్లో ఊరికి ఉత్తరాన ఉన్న కాలనీల్లో మనుషులు వాంతులతో పడిపోయారు. మురుగు కాలవ పక్కనే పోయే పాత మంచినీళ్ళ పైపు ఎక్కడో పగిలి, మురుగంతా నీళ్ళల్లో కలిసింది. ఆస్పత్రిలో మంచాలు చాలక వరండాల్లో పడుకోబెట్టారు. ఇద్దరు పిల్లలూ ఒక పెద్దాయనా చనిపోయారు. ఎడిటర్ గారు మూడు రోజులు వరసగా మొదటి పేజీలో నిప్పులు చెరిగాడు. 'నిలదీత'కి నీళ్ళ శాఖ పెద్దల్ని పిలిస్తే, ఒకాయనకి మీటింగు, ఇంకొకాయనకి నడుం నొప్పి. చివరికి ఆ పైపులు చూసే ఇంజనీరుని మాట్లాడమని, వాళ్ళు చల్లగా తప్పుకున్నారు.

ఆవిడ స్టూడియోకి రాలేనంది. పంపుహౌసు వదిలి కదిలే పరిస్థితి లేదు, కావాలంటే అక్కడికే రమ్మంది. సరేనని ఎడిటర్, ప్రొడ్యూసరు, కెమెరామన్, మైకులు చూసే మనిషి ఒక వ్యానులో బయల్దేరారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. స్టూడియోలో కెమెరాలు నాలుగైదు ఉంటాయి, అడిగేవాడినీ చెప్పేవాడినీ ఒకేసారి తీస్తాయి. బయటికి వెళితే కెమెరా ఒక్కటే. అందుకని ముందు దాన్ని జవాబులు చెప్పే మనిషి వైపే పెట్టి మాట్లాడిస్తారు. ఆ మనిషి లేచి వెళ్ళిపోయాక కెమెరాని ఇటు తిప్పి, అడిగినవాడి చేత అవే ప్రశ్నలు మళ్ళీ అడిగిస్తారు. ఎదురుగా ఎవరూ ఉండరు. ఉన్నట్టుగానే చూస్తాడు, తల ఊపుతాడు, కనుబొమలు ముడుస్తాడు. తర్వాత రెండూ కలిపి అతికిస్తారు. టీవీలో చూసేవాళ్ళకి ఇద్దరూ ఎదురుబొదురుగా మాట్లాడుకున్నట్టే ఉంటుంది. అందరూ చేసే పనే. అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడిగినంతవరకూ అందులో మోసమేం లేదు.

పంపుహౌసు పక్క గదిలో ఒక ఇనప బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి పైపుల పటం. మోటార్ల మోత గోడలోంచి వస్తూనే ఉంది. ఇంజనీరుకి నలభై దాటి ఉంటాయి. చీరంచుకి మట్టి, కళ్ళ కింద నలుపు. మైకు బిగిస్తూ, వ్యానులో వచ్చిన మైకుల మనిషి మామూలుగా అందరినీ అడిగినట్టే అడిగాడు. "ఏదో ఒకటి మాట్లాడండి మేడమ్, గొంతు చూసుకోవాలి. పొద్దున ఏం తిన్నారో చెప్పండి."

"పొద్దున అంటే ఏ పొద్దున బాబూ?" అని ఆవిడ నవ్వింది. అలసిపోయిన నవ్వు, మర్యాద కోసం నవ్విన నవ్వు. అప్పటికే కెమెరా తిరుగుతోంది.

ఎడిటర్ అడిగాడు, ఆవిడ చెప్పింది. పైపు ఎప్పటిది, ఎందుకు మార్చలేదు, మార్చమని ఎవరికి చెప్పారు, పగిలిందని ఎప్పుడు తెలిసింది, తెలిశాక నీళ్ళు ఆపడానికి ఎంతసేపు పట్టింది. ఆవిడ ఏ ప్రశ్నకీ నీళ్ళు నమల్లేదు. "ఆపడం ఆలస్యమైంది. పై నుంచి అనుమతి వచ్చేదాకా ఆగాను. ఆగకుండా ఉండాల్సింది," అని కూడా చెప్పింది. ఆ మాట వినేసరికి ఆయన గొంతు తగ్గిపోయింది. తప్పు ఒప్పుకునే మనిషి మీద అరవడం ఆయనకి చేతకాదు, అలవాటూ లేదు. మాటలయ్యాక ఆవిడ మైకు తీసిచ్చి, దండం పెట్టి, గబగబా వెళ్ళిపోయింది.

ప్రొడ్యూసరు గడ్డం గోక్కున్నాడు. "చప్పగా వచ్చింది సార్. ముగ్గురు చచ్చిపోయారు, మీరేమో పెళ్ళిచూపుల్లో మాట్లాడినట్టు మాట్లాడారు. జనం టీవీ కట్టేస్తారు. ఇప్పుడు మీవి తీసేటప్పుడైనా కాస్త కారం పడాలి."

కెమెరా ఇటు తిరిగింది. ఆవిడ కూర్చున్న కుర్చీ వీపు మీద కెమెరామన్ తన చొక్కా ఆరేశాడు, చూపు ఎక్కడ నిలపాలో తెలియడానికి. ఎడిటర్ ప్రశ్నలు మొదలుపెట్టాడు. చిత్రమేమిటంటే, ఆ చొక్కాని చూస్తుంటే ఆయనకి కోపం వచ్చింది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు రాని కోపం. మీటింగులు పెట్టుకున్నవాళ్ళు, నడుం నొప్పులవాళ్ళు, చనిపోయిన పిల్లల ఫొటోలు, అన్నీ ఆ చొక్కాలోకి వచ్చి కూర్చున్నాయి. గొంతు లేచింది. కాగితం మీద ఉన్నవన్నీ అడిగేశాక కూడా ఆగలేదు. బల్ల మీద చరిచి, "ఇంతకీ మీ ఇంట్లో మీరు తాగేది ఈ నీళ్ళేనా? మీ పిల్లలకీ, మీ పెద్దవాళ్ళకీ ఈ నీళ్ళే పోస్తున్నారా?" అని గర్జించాడు.

"అబ్బ," అన్నాడు ప్రొడ్యూసరు. "అదీ సార్."

ఎడిటర్ గారికి ఒళ్ళు తేలికపడింది. మొహం కడుక్కుని, వ్యానెక్కి, దారిలో సుఖంగా నిద్రపోయాడు.

కార్యక్రమం వచ్చిన రాత్రి ఆయన లోపలి గదిలో పుస్తకం చదువుకుంటున్నాడు. భార్య పిలిచింది. "ఏవండీ, ఇలా రండి ఒకసారి. ఈవిడ నవ్విందేంటండీ?"

"ఎవరు?"

"ఇంజనీరు. మీరు అంత గట్టిగా అడిగితే, పళ్ళు కనబడేలా నవ్వింది. సిగ్గు లేకపోతే సరి."

ఆయన వచ్చి చూసేసరికి అది అయిపోయింది. భార్య రిమోటు పట్టుకుని వెనక్కి తిప్పింది. తెర మీద ఆయనే. మొహం ఎర్రబడి, నరాలు తేలి. మీ పెద్దవాళ్ళకీ ఈ నీళ్ళే పోస్తున్నారా? వెంటనే ఇంజనీరు మొహం. నవ్వింది. ఒక్క మాట లేదు, నవ్వంతే. తర్వాత పైపుల పటం, విషాదంగా వాయిద్యం.

తలకొట్టేసినట్టయింది ఆయనకి. "ఆ ప్రశ్న నేను ఆవిణ్ణి అడగలేదు," అన్నాడు.

"అడిగారుగా. ఇప్పుడేగా చూశాను."

"అడగలేదే. ఆవిడ వెళ్ళిపోయింది అప్పటికి."

భార్య ఆయన వైపూ టీవీ వైపూ చూసింది. "మరి నవ్వింది ఎవరికి?" అంది.

తెల్లారేసరికి ఆ నవ్వు ఊరంతా పాకింది. ఫోన్లలో ఆ ముక్క ఒక్కటే కత్తిరించి పంపుకున్నారు. 'నవ్వుల ఇంజనీరు' అని పేరు పెట్టారు. పంపుహౌసు గేటు మీద పెంట కొట్టారు. మధ్యాహ్నానికల్లా, నడుం నొప్పి ఆఫీసరుకి నొప్పి తగ్గి, ఆఫీసుకొచ్చి, బాధ్యతారహితంగా ప్రవర్తించినందుకు ఆవిణ్ణి సస్పెండ్ చేశాడు. పైపు గురించి అడిగేవాడే లేడు. ఊరి కోపమంతా ఒక నవ్వు మీదికి మళ్ళింది, ఆ కోపం తగలాల్సినవాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఎడిటర్ చానల్ ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ప్రొడ్యూసరు గది తలుపు తన్నినంత పని చేశాడు.

"ఆ నవ్వు ఎక్కడిది?"

ప్రొడ్యూసరు తడబడలేదు. "మైకు చూసినప్పటిది సార్. మీ ప్రశ్న తర్వాత పెట్టడానికి ఆవిడ షాటు కావాలి కదా. ఆవిడ దానికి జవాబు చెప్పలేదాయె."

"అడిగితే కదా చెప్పడానికి. బుద్ధుందా నీకు? ఒక మనిషి బతుకు అది. దాన్ని తీసుకెళ్ళి ఇక్కడ అతికిస్తావా? ఎవడు చెప్పాడు నీకు అతికించమని?"

"అరవకండి సార్, ఇక్కడ కెమెరా లేదు," అన్నాడు ప్రొడ్యూసరు, నెమ్మదిగానే. "ప్రశ్న అడిగింది మీరు. నవ్వింది ఆవిడ. నేను రెండూ పక్కపక్కన పెట్టానంతే. అయినా ఒకటి చెప్పండి. టీవీలో వెయ్యకూడనిదైతే ఆ ప్రశ్న ఎందుకు అడిగినట్టు? కుర్చీకా అడిగింది? చొక్కాకా?"

ఎడిటర్ చెయ్యెత్తాడు. కొట్టేవాడే. చెయ్యి దానంతటదే దిగిపోయింది, ఎందుకంటే వాడన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు. అది ఇంకా మండించింది.

యజమాని గదిలో ఏసీ చల్లగా ఉంది, యజమాని అంతకన్నా చల్లగా ఉన్నాడు. ఎడిటర్ నిలబడే చెప్పాడు. రేపు మొదటి పేజీలో సవరణ వేస్తున్నానన్నాడు. ఆ ప్రశ్న ఆవిణ్ణి అడగనే లేదనీ, నవ్వు వేరే సందర్భంలోదనీ వేస్తానన్నాడు.

"కూర్చోండి ముందు. లోపలి పేజీలో రెండు లైన్లు వేద్దాం. ఎడిటింగులో సాంకేతిక లోపం జరిగింది, చింతిస్తున్నాం అని," అన్నాడు యజమాని.

"సాంకేతిక లోపమా? సాంకేతికానికి నోరుందా? దాని గేటు మీద పెంట కొట్టారా ఎవరైనా?"

"చూడండి. మీరంటే నాకు గౌరవం. కానీ మన టీవీ తప్పుని మన పేపరు మొదటి పేజీలో వేసుకుంటే ఊళ్ళో మనల్ని ఎవడు నమ్ముతాడు? ఆవిడ తప్పు చేశాననే కదా మీతోనే అంది? ఆలస్యమైందనీ అంది. ఎలాగూ పోయే ఉద్యోగమే. ఒక నవ్వు ఎక్కువైతే ఏమైంది?"

ఎడిటర్ తిన్నగా పత్రికాఫీసుకొచ్చి, గది తలుపేసుకుని రాయడానికి కూర్చున్నాడు. జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ రాయలేదు. నేను ఈ వృత్తిలోకి ఎందుకొచ్చాను, నేను దేన్ని నమ్మాను, నేను ఎలా పొరబడ్డాను, నన్ను నేను ఎలా క్షమించుకోను, అని రాసుకుంటూ పోయాడు. రాసింది తనే స్వయంగా పేజీ పెట్టేవాళ్ళకిచ్చి, మొదటి పేజీలో పై సగం ఖాళీ చేయించి, తన ఫొటోతో పెట్టించాడు. యజమానికి చెప్పొద్దని ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు, కళ్ళజోడు తీసే ఉంది.

మర్నాడు ఫోన్లు మోగాయి. ఆయన ఆవిణ్ణి గురించి అడుగుతారనుకున్నాడు. అడిగారు, ఆయన్ని గురించి. "ఎంత గొప్ప మనసు సార్ మీది," అన్నాడు ఒక రిటైర్డు జడ్జి. "చదివి ఏడ్చేశాం సార్," అన్నారు కాలేజీ పిల్లలు. "ఆవిడ గారు ఎంత గట్టిగా పట్టుకుంటే ఇలా రాశారు, బాగానే ముట్టినట్టుంది," అన్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఎక్కువమంది మెచ్చుకున్నవాళ్ళే. నవ్వు సంగతి ఎత్తితే మాత్రం, "అదలా ఉంచండి సార్, మేం కళ్ళారా చూశాంగా," అన్నారు. సస్పెన్షను ఎత్తెయ్యలేదు. గేటు మీద పెంట కడగలేదు. సాయంత్రం యజమాని స్వయంగా ఫోను చేసి, కోప్పడతాడనుకుంటే, అభినందించాడు. పేపరు అమ్మకం పెరిగిందట. వచ్చే వారం 'నిలదీత'లో ఆయన నిజాయితీ మీదే ప్రత్యేక కార్యక్రమం చేద్దామని ప్రొడ్యూసరు అంటున్నాడట. ఎడిటర్ ఫోను గోడకేసి కొట్టాడు. అది పగిలింది, ఇంకేమీ మారలేదు.

ఆ మర్నాడు ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఇంజనీరు ఇంటికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడంటే, పైకి క్షమాపణ చెప్పుకోవడానికి. లోపల ఇంకొకటి కూడా ఉంది. ఊరు నమ్మకపోతే పోయింది, ఆవిడైనా ఒక మంచి మాట అంటుందని ఆశ. ఊరికి ఉత్తరాన ఉన్న ఆ కాలనీల్లోనే, పెంకులూ రేకులూ కలిసిన వరసలో, చిన్న మేడ. పంపుహౌసుకి నడిచిపోయేంత దూరం. మెట్ల పక్క గోడ మీద ఎవరో పళ్ళికిలించిన బొమ్మ గీశారు. దాన్ని చెరిపినట్టుంది, బొగ్గు మసకగా మిగిలింది.

ఆవిడ తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు. ఆయన పేపరు అందించబోయాడు.

"చదివాను," అంది.

"నా వల్ల పెద్ద పొరపాటు జరిగిందమ్మా. నేను..."

"ఆ నేను, నేను అన్నదంతా చదివాను. మీ నమ్మకాలు చదివాను, మీ వృత్తి గురించి చదివాను, మీ మనసు ఎంత నలిగిపోయిందో చదివాను. నేనెక్కడున్నాను దాంట్లో? 'ఒక మహిళా ఇంజనీరు' అని ఒక చోట ఉన్నాను." ఆవిడ గొంతు పెంచలేదు. పంటి బిగువున మాట్లాడుతోంది. "ఆ ప్రశ్న నన్ను అడగలేదని రాశారు. నిజమే, అడగలేదు. పోనీ, ఇది రాసేముందైనా అడిగారా? ఫోను నంబరుంది. ఇల్లు తెలుసు. ఒక్కసారి ఫోను చేసి, అమ్మా, ఇదీ ప్రశ్న, నీ జవాబేంటీ అని అడగడానికి నోరు రాలేదా? నా మీద నింద వేసినప్పుడూ అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. రెండుసార్లూ మీకు మీరే మాట్లాడుకున్నారు."

ఆయన ఎన్ని బల్లల ముందు, ఎంతమందిని నిలబెట్టి ఇదే మాట అడిగాడో. ఒక్క క్షణం, పాపిష్టి కోపం ఆవిడ మీదికే లేవబోయింది. సిగ్గుతో దాన్ని మింగాడు.

"ఇప్పుడు అడుగుతానమ్మా," అన్నాడు.

"ఆగండి." ఆవిడ లోపలికి తిరిగింది. "అమ్మా, ఒకసారి ఇలా రా."

"నాతో నీకేం పని?" అని లోపలినుంచి ముసలి గొంతు.

"రా, చెప్తాను. ఆయనొచ్చాడు."

గోడ పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. ఒంట్లో రక్తం లేదు, మణికట్టు దగ్గర సూది గుచ్చిన చోట ప్లాస్టరు ఇంకా ఉంది. కూతురి వైపు చూడకుండా, గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఆయన్ని గుర్తుపట్టింది. టీవీలో చూసిన మొహం.

"మా అమ్మ," అంది ఇంజనీరు. "మీ కార్యక్రమం వచ్చిన రాత్రి ఆస్పత్రి వార్డులో ఉంది. వార్డులో టీవీ ఉంది. మంచాల మీదున్నవాళ్ళంతా చూశారు. నా కూతురేనని అంతకుముందే అందరికీ గొప్పగా చెప్పుకుంది పాపం. చూశాక పక్క మంచం వాళ్ళు ఈవిణ్ణి మాటలతో పొడిచారు. సెలైను సగంలో ఉండగానే లేచి ఇంటికొచ్చేసింది. ఆనాటినుంచి నాతో సరిగా మాట లేదు. నేనెంత చెప్పినా, నీ నవ్వు నాకు తెలీదా అంటుంది. నా నవ్వే మరి. కాదని ఎలా అనను? ఊరితో నాకు పని లేదండీ. ఉద్యోగం వస్తే వస్తుంది, పోతే పోతుంది. ఈవిడ ముందు అడగండి. ఆ రోజు ఎలా అడిగారో అలాగే అడగండి."

ఆయన అడగాలి. ఎందరినో అడిగినవాడు. బల్ల లేదు చరవడానికి, చొక్కా లేదు ఎదురుగా. రెండు జతల కళ్ళు ఉన్నాయి. గొంతు సవరించుకున్నాడు. గర్జన రాలేదు సరే, మామూలు మాట కూడా సగం గాలే వచ్చింది.

"మీ ఇంట్లో మీరు తాగేది... ఈ నీళ్ళేనా అమ్మా? మీ పెద్దవాళ్ళకీ..."

ఇంజనీరు నోరు తెరిచేలోగా తల్లి అందుకుంది. "ఈ నీళ్ళే. ఇంకెక్కడినుంచి వస్తాయి? రోజూ పొద్దున కుళాయి కింద బిందె పెట్టి పట్టేది నేను. ఇది తాగేదీ అవే, నేను తాగిందీ అవే. తాగి పడింది నేను." అని ఆగి, కూతురి వైపు మొదటిసారి తిరిగింది. "ఈ మాట నిన్ను అడగలేదా ఆ రోజు?"

"లేదు."

"నువ్వక్కడ లేవా అడిగినప్పుడు?"

"నీ దగ్గరికే వచ్చానమ్మా. ఆస్పత్రికి."

పెద్దావిడ చాలాసేపు కూతుర్ని చూసింది. తర్వాత, నెమ్మదిగా, ఆయన వైపు తిరిగింది. ఆమెకి కోపం కూడా లేదు. అర్థం కాక అడిగింది.

"అది అక్కడ ఉన్నప్పుడే అడగొచ్చు కదయ్యా. అడిగితే చెప్పేది కదా. ఎందుకు అడగలేదు?"

చెప్పడానికి చాలా ఉన్నాయి. కెమెరా ఒక్కటే ఉంది, అందరూ చేసేదే, ప్రొడ్యూసరు కారం కావాలన్నాడు, అతికించింది వాడు. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కొక్కటే చూస్తే ఒక్కొక్కటీ, ఆయన జీవితమంతా ఎదుటివాడి నోట విని చీల్చి చెండాడిన సాకే. వాటన్నిటి కిందా నిజం ఒకటి ఉంది. అది ఆయనకి ఆ గుమ్మంలోనే, అప్పుడే తెలిసింది.

"అడిగితే జవాబు చెప్పేదమ్మా," అన్నాడు. "జవాబు వింటే నాకు కోపం వచ్చేది కాదు. నాకు కోపం కావాలి. అందుకని ఆవిడ వెళ్ళిపోయాక అడిగాను."

కింద వీధిలో ఎవరో కుళాయి తిప్పి, నీళ్ళు రాక, మళ్ళీ కట్టేశారు. ఇంజనీరు తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది. పెద్దావిడ ఆ చెయ్యి తీసెయ్యలేదు.

"ఇది రాయండి," అంది ఇంజనీరు. "ఫొటో లేకుండా."

తల్లిని లోపలికి నడిపించుకుంటూ, కాలితో తలుపు మూసింది.